కిర్రుమని వచ్చే మాట

మావారి గొంతు మా ఇంట్లో లాప్‌టాప్‌లో ఉంటుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే అందులో ఉంటుంది. గొంతు క్యాన్సర్ ముదిరింది, స్వరపేటిక తీసెయ్యక తప్పదని డాక్టర్లు తేల్చేశాక, ఆపరేషన్‌కి ముందు దొరికిన కొద్దిరోజుల్లో ఇద్దరం తలుపులేసుకుని కూర్చుని ఆయన మాటలు రికార్డు చేశాం. "మంచినీళ్ళివ్వు", "ఫ్యాన్ పెంచు", "ఎవరొచ్చారు?", "ఆ టీవీ ఆపవోయ్", "పోనీలే", "అంతేగా మరి"... ఇలాంటివి కొన్ని వందలు. నేను భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. రెండక్షరాలు కొడితే ఒక మాట పలికేలా చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాను.

మెడకి ఆనించుకుని మాట్లాడే మిషన్ ఉందన్నారు ఆసుపత్రిలో. ఈయన ఒకసారి ఆనించి చూసి, పలక తీసుకుని "ఈ రోబో గొంతు నాకొద్దు" అని రాసి నా ఒళ్ళో పడేశారు. పోనీ మీ మాటలు ఫోన్లో ఎక్కిస్తానంటే దానికీ ఒప్పుకోలేదు. హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు నడిపిన మనిషి. ఫోన్లో డ్రైవర్ల మీద అరుస్తూ, అరుస్తూనే ఈ లాప్‌టాప్ మీద బిల్లులు కొట్టేవారు. దీని మీదైతే చూడకుండా కొట్టగలరు. ఫోన్ మీద ఆ బొటనవేలు ఆనితే మూడక్షరాలు ఒక్కసారే పడతాయి.

రికార్డింగ్ చివరి రోజున "ఇక అయిపోయాయా?" అని లేవబోయారు.

"ఇంకొకటుంది. 'కూర బాగుంది' అనండి."

"అదెందుకోయ్? ఎప్పుడు వాడతాను?"

చూశారా ఆ మాట! పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ముక్క ఆయన నోట నేను విన్న పాపాన పోలేదు. బాగుంటే మాట్లాడకుండా తింటారు, బాగోకపోతే చెప్తారు. అది ఆయన పద్ధతి, వాళ్ళ వంశం పద్ధతీను. అయినా సరే అనాల్సిందేనని పట్టుబట్టాను. మైకు దగ్గరికి వంగి, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో "కూర బాగుంది" అన్నారు. "అబ్బో!" అన్నాను నేను పక్కనుంచి. అదీ పడింది రికార్డులో.

ఆ లాప్‌టాప్ సంగతి కాస్త చెప్పాలి. పాతది. లోపల గిర్రున తిరిగే పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి, దానికి తోడు తిరగకుండానే చకచకా పనిచేసే వేలెడంత చిన్న డిస్కు, ఎస్‌ఎస్‌డి, ఒకటి. తరచు వాడేవాటిని ఆ చిన్నది తన దగ్గర పెట్టుకుని అడగ్గానే అందిస్తుంది. ఆ ఏర్పాటునే క్యాష్ అంటారు. అరుదుగా వాడేవి మాత్రం పెద్ద డిస్కులోనే ఉంటాయి. పనిలేనప్పుడు అది నిద్రపోతుంది. ఏదైనా అడిగితే లేచి, కిర్రుమని తిరిగి, వెతికి ఇవ్వాలి.

అందుకని మా ఇంట్లో "ఉప్పు తక్కువైంది" అన్న మాట బటన్ నొక్కీ నొక్కకముందే వచ్చేది. ఎందుకంత వేగమో వేరే చెప్పాలా! అదే డిస్కు కిర్రుమందంటే, ఈయన ఎప్పుడూ అనని మాటేదో అనబోతున్నారని నాకు ముందే తెలిసిపోయేది. వంటింట్లో గరిటె ఆపి మరీ వినేదాన్ని. ఒకరోజు అలాగే కిర్రుమని, కాసేపటికి "మీ నాన్న గుర్తొచ్చారు" అన్నారు. ఆ మాట అప్పుడెప్పుడో రికార్డు చేశామన్న సంగతే నేను మర్చిపోయాను. పొయ్యి కట్టేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి, ఏ మాట నొక్కినా కిర్రుమనడం మొదలైంది. "మంచినీళ్ళివ్వు" అని వినపడేసరికి ఆయనే లేచి తాగి వచ్చేసేవారు. బెల్లు మోగితే "ఎవరొచ్చారు?" అని, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక వినపడేది. పక్కింటాయన సాయంత్రం వచ్చి కూర్చుంటే ఈయన వేసే జోకు, ఆయన ఇంకో విషయంలోకి వెళ్ళిపోయాక పలికేది. భోజనాలయ్యాక విస్తరి తెచ్చినట్టు ఉండేది వ్యవహారం. పక్కింటాయన మర్యాదకి నవ్వేవాడు. ఆ మర్యాద నవ్వు ఈయన కనిపెట్టేశారు. మెల్లగా జవాబులివ్వడం తగ్గించారు. ఒకరోజు పక్కింటాయన మాట్లాడుతుండగానే లాప్‌టాప్ మూసి పక్కకి తోసేసి ఊరికే తలూపుతూ కూర్చున్నారు. వీధి చివరికి వినపడేలా మాట్లాడిన మనిషి అలా తలూపుతుంటే చూడలేక లోపలికెళ్ళి ఏడ్చాను.

ఏడ్చి ఏం లాభం, పనిలోకి దిగాలి కదా. పిల్లలకి చెప్పేవన్నీ చేశాను. చెత్త ఫైళ్ళు తీసేశాను, వైరస్ ఉందేమో చూశాను, ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఏమీ మారలేదు. ఆఖరికి క్యాష్ చూసుకునే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, చిన్న డిస్కు ఒకసారి కనబడుతోంది, ఒకసారి మాయమైపోతోంది.

అదే సమయానికి ఉయ్యూరు నుంచి మా వదిన, అంటే మావారి అక్క, ఫోన్ చేసింది.

"తమ్ముడెలా ఉన్నాడే?"

"క్యాష్ పోయినట్టుంది వదినా."

"అయ్యో నా తల్లీ! ఎంత పోయింది?"

"డబ్బు కాదు వదినా! లాప్‌టాప్‌లో ఉంటుంది. మన పోపుల డబ్బా అనుకో. రోజూ కావాల్సిన ఆవాలూ జీలకర్రా చేతికందేలా అందులో ఉంటాయి కదా. మిగతావి అటక మీద పెద్ద డబ్బాల్లో ఉంటాయి. ఇప్పుడు పోపుల డబ్బా మూత రావడం లేదు. చిటికెడు ఆవాలకి కూడా అటకెక్కాల్సొస్తోంది."

"అలా చెప్పు మరి! కొత్త డబ్బా కొనెయ్యండి."

నేనూ అదే అనుకున్నాను. కానీ ముందు జాగ్రత్తగా మాటలన్నీ పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేద్దామని పెడితే, సగంలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. అప్పుడు వెలిగింది నాకు. ఈ మధ్య ఈయన తీరిగ్గా కూర్చుని, ప్రతి మాటకీ ముందూ వెనకా పడ్డ దగ్గూ, కుర్చీ చప్పుడూ, మధ్యలో నా గోలా కత్తిరించి, పాతదాని మీదే సేవ్ చేస్తున్నారు. కొత్తగా సేవ్ చేసినవి ఈ ఏర్పాటులో ముందు చిన్న డిస్కులోకే వెళ్తాయి, తీరిక చూసుకుని పెద్దదాంట్లోకి సర్దుకుంటాయి. సంచీలోంచి తీసిన మిరపకాయలు ముందు పోపుల డబ్బాలో పోసి, తర్వాతెప్పుడో అటకెక్కించినట్టు. సర్దకముందే చిన్నది చచ్చిపోతే, ఆ మాటలూ దాంతోపాటే పోతాయి.

ఫొటోలైతే మళ్ళీ తీసుకోవచ్చు, బిల్లులైతే మళ్ళీ కొట్టుకోవచ్చు. ఈ మాటలు మళ్ళీ రికార్డు చేద్దామంటే ఆ గొంతేదీ?

వన్‌టౌన్‌లో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను. అతను మూత కూడా తెరవకుండా, "పాతది కదా మేడమ్, కొత్త ఎస్‌ఎస్‌డి వేసేసి ఫార్మాట్ కొట్టేద్దాం, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. మామూలుగా అయితే మంచి సలహానే. కానీ ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడమే. ఆ మాట చెవిన పడగానే లాప్‌టాప్ లాక్కుని ఆటో ఎక్కేశాను. అతను ఇప్పటికీ నన్ను పిచ్చిదనే అనుకుంటూ ఉండాలి.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి లాప్‌టాప్ బోర్లా పెట్టాను. అలవాటు లేని పని, కొరివితో తల గోక్కోవడమే. ఈయన టార్చి పట్టుకున్నారు. స్క్రూలు ఊడదీసి కింది మూత ఎత్తాను.

ఎర్రగా ఉంది. ఫ్యాను చుట్టూ, వైర్ల మీదా, చిన్న డిస్కు గుచ్చే చోటా, అంతా కుంకుమే. మధ్యలో ఒక అక్షింత కూడా, పసుపుపచ్చగా, దర్జాగా కూర్చునుంది.

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకి వదిన వచ్చింది. దుర్గమ్మ కొండెక్కి అమ్మవారి కుంకుమ తెచ్చింది. ఆయుధపూజ నాడు స్కూటరుకీ, మిక్సీకీ, గ్రైండరుకీ తలో బొట్టూ పెట్టి, లాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పొట్లం పొట్లమంతా ఒంపింది. "మా వాడి గొంతు ఇదేగా" అని రెండు చేతులా అక్షింతలు కూడా చల్లింది. నేను పైపైన తుడిచి ఊరుకున్నాను. మిగిలిందంతా ఫ్యాను లోపలికి లాగేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "ఉండండి, మీ అక్కకి ఫోన్ చేస్తా! భక్తి ఉండాలి గానీ, మరీ ఇంతా?" అని ఫోనందుకున్నాను. ఈయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. మామూలుగా అయితే "పోనీలే" నొక్కేవారు. ఆ "పోనీలే" మా ఎదురుగా విప్పేసి ఉంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలితో ఆ కుంకుమ కాస్త తీసి కళ్ళకద్దుకున్నారు.

"దానికి దండం కూడానా!" అన్నాను. అన్నానే గానీ కోపం అక్కడితోనే దిగిపోయింది. పాపం, ఆవిడ తమ్ముడి గొంతుకే కదా బొట్టు పెట్టింది.

పెయింటు బ్రష్షుతో కుంకుమ దులిపాను. చిన్న డిస్కు నెమ్మదిగా లాగి, దాని బంగారు రంగు అంచుని పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ అక్కడే గట్టిగా గుచ్చి, మూత బిగించి తిరగేశాను. ఆన్ చేశాను. కనబడింది! ఆపి ఆన్ చేసినా మళ్ళీ కనబడింది. వెంటనే క్యాష్‌ని ఆపెయ్యమని నొక్కాను. అలా నొక్కితే, చిన్నదాంట్లో ఉన్నదంతా పెద్దదాంట్లోకి సర్దేశాకే అది ఆగుతుంది.

సర్దడం మొదలైంది. నత్తనడక. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మధ్యలో కరెంటు పోతే ఇంతే సంగతులు. ఈ ఒక్క మధ్యాహ్నం కరెంటు తియ్యకుండా చూడు తల్లీ అని దుర్గమ్మకి మొక్కుకున్నాను. కుంకుమ తెచ్చిన తంటాకి మొక్కు మళ్ళీ అమ్మవారికే! ఈయన నా భుజం మీద చెయ్యేసి, కదలకుండా తెర వంకే చూస్తూ కూర్చున్నారు. తెర మీద అంకె మారినప్పుడల్లా పెదవులతో దాన్ని లెక్కపెడుతున్నారు. ఈ మనిషి ఇంతగా భయపడుతున్నారని నాకు అప్పటిదాకా తెలీదు. తలూపి ఊరుకుంటుంటే విసుగనుకున్నాను.

పూర్తయింది. పెన్ డ్రైవ్‌లోకి కాపీ ఈసారి ఎక్కడా ఆగలేదు. నా ఫోన్లోకీ ఎక్కించాను, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. అప్పుడు క్యాష్ మళ్ళీ ఆన్ చేశాను.

అయితే పోపుల డబ్బా ఇప్పుడు ఖాళీ. ఏది ఎక్కువ వాడతారో అది మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. కొన్నాళ్ళు "మంచినీళ్ళివ్వు" కూడా కిర్రుమనే వచ్చింది. తర్వాత ఒక్కొక్కటే చురుకందుకున్నాయి. ముందుగా ఏది అందుకుందో నన్నడక్కండి, ఉప్పు గురించి ఈయనకున్న పట్టింపు మీకు తెలుసు. పక్కింటాయన మళ్ళీ సాయంత్రాలు నవ్వుతున్నాడు, ఈసారి మర్యాదకి కాదు. వదిన వచ్చి చూసి, "చూశావా అమ్మాయ్, అమ్మవారి కుంకుమ ఊరికే పోతుందా?" అంది. నేను ఈయన వంక చూశాను. "అంతేగా మరి" అని ఠక్కున పలికింది లాప్‌టాప్.

ఒకరోజు బీరకాయ పాలు పోసి వండాను. ఈయన తినడం సగమయ్యాక ఎడమచేత్తో ఏదో నొక్కారు. డిస్కు కిర్రుమంది. నా చేతిలో గిన్నె ఆగిపోయింది. మళ్ళీ పోయిందా భగవంతుడా, మళ్ళీ అన్నీ విప్పాలా అనుకుంటున్నాను. కిర్రు ఆగింది.

"కూర బాగుంది."

ఆ వెనకే "అబ్బో!" అని నా గొంతు. ప్రతి మాట వెనకా నా గోల కత్తిరించిన మనిషి, దీని జోలికి మాత్రం పోలేదు. ఇంకాస్త వడ్డించాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కారో లెక్క లేదు. నిన్న ఫోన్లో వదినతో కబుర్లలో పడి వంకాయకూర అడుగంటించాను. ఇల్లంతా మాడు వాసన. నోరెత్తకుండా కంచంలో పెట్టి, తిట్టు తినడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఈయన ముద్ద నోట్లో పెట్టుకుని, లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. డిస్కు కిర్రుమనలేదు. నొక్కీ నొక్కకముందే వచ్చేసింది, "కూర బాగుంది" అని, వెనకాలే నా "అబ్బో!"