బావ తువ్వాల, నా సెన్సర్

మొన్న మేనకోడలు ఫోన్ చేసి, తన బిడ్డ పుట్టినరోజుకు జేబు కెమెరా కొనాలా, లెన్సు మార్చుకునే మిర్రర్‌లెస్ కొనాలా, లోపల వెలుగు పట్టే సెన్సర్ల సంగతి తేల్చి చెప్పమంది. ఆ తేడా నాకు ప్రాణం మీదికి వచ్చి తెలిసింది ఆ మేనకోడలి పెళ్ళినాడే!

అప్పటికే ఆర్మూర్‌లో పెళ్ళి ఫోటోలు తీసి బతుకుతున్నాను. కొత్తగా మిర్రర్‌లెస్ కొన్నాక, దాని సెన్సర్ పోస్టు బిళ్ళంత, జేబు కెమెరాది చిటికెనవేలి గోరంత, గోరు మీద ఎంత వెలుగు పడుతుంది నాయనా అని వేల్పూర్ దాకా కనబడ్డవాణ్ణల్లా ఆపి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నన్ను చూసి బర్రెలు కూడా దారి మళ్ళేవి.

అక్కకు మాత్రం ఒకటే భయం. తన పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకే రీలు అయిపోయింది.

"తమ్మీ, నా బిడ్డకు గా ఫోటో రాకుంటే మళ్ల నా గడప తొక్కకు" అంది. నవ్వలేదు.

మా దిక్కు పెళ్ళి ఆగినా పసుపు పంట పని ఆగదు. పెళ్ళి పొద్దున కూడా బావ కళ్ళంలో ఎండిన కొమ్ములను మెరుగు కోసం డ్రమ్ములో పోసి తిప్పుతుంటే, లేచే దుమ్ము అందంగా ఉందని అక్కడే నిలబడి లెన్సు మార్చాను. జేబు కెమెరాకు లెన్సు ఊడదు కాబట్టి సెన్సర్ భద్రం. దీనికి లెన్సు తీస్తే సెన్సర్ నోరు తెరుచుకుని కూర్చుంటుంది. దుమ్ము పడనే పడింది. బావ భుజం మీది తువ్వాల లాగి తుడిచాను. ఆ తువ్వాల పుట్టి పెరిగింది పసుపులోనే!

పందిట్లో అడ్డతెర పట్టాక ఒకటి నొక్కి చూస్తే, పెళ్ళికూతురి ముఖం ఉండాల్సిన చోట జొన్నరొట్టెంత మసక మరక. ఊదాను, కదల్లేదు. అయ్యగారు గడియారం చూస్తున్నాడు. అక్క నన్నే చూస్తోంది.

"ఏంది బామ్మర్దీ, గట్ల చెమటలు పడ్తున్నయ్? తుడ్చుకో" అని బావ తువ్వాల చాపాడు.

"బావా, దాన్ని జర దూరం పెట్టు!"

జేబులోని పాత కెమెరా తీశాను. దాని ఫ్లాష్ ఎప్పుడో చచ్చింది. పందిట్లో వెలుగు అంతంతే. దూరం నుంచి జూమ్ లాగితే ఆ గోరంత సెన్సర్‌కు చీకటీ, నా చేతి వణుకూ తప్ప ఏమీ అందవు. అందుకని అయ్యగారి తిట్లు తింటూ, మోకాళ్ళ మీద జరుగుతూ, బాసింగం నా ముక్కుకు తగిలేంత దగ్గరికి పోయి ఊపిరి బిగబట్టాను. మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం పట్టిన చేతులు లేచాయి. ఆ పిల్ల చెయ్యి వణకడం నా మోచేతికి తెలిసింది. నొక్కాను.

ఒక్కటే ఒక్క ఫోటో వచ్చింది, వెలుగు చాలక ముఖాల నిండా రవ్వ చల్లినట్టు. అక్క దాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుంది.

"గీ రవ్వ ఏంది తమ్మీ?" అని, నేను నోరు తెరిచేలోపే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోనీ తియ్యి, వచ్చింది గద."

ఇప్పటికీ ఆమె ఇంటి గోడకు ఉన్నది అదే.

మేనకోడల్ని మిర్రర్‌లెస్సే కొనమన్నాను, కళ్ళానికి మాత్రం తీసుకుపోవద్దన్నాను. ఈమధ్య పెళ్ళిళ్ళలో నేనూ దాంతోనే పందిరి అంచున కుర్చీ వేసుకుని, చీకట్లో దోమ మీసాలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా తీస్తున్నాను. ఏ పెళ్ళికూతురి చెయ్యి వణుకుతోందో మాత్రం నాకు తెలియడం లేదు.