మేడం గొంతుతో నేను చేసిన ఫోన్

పెద్దవంగరలో పదో తరగతి చదువుతున్నప్పుడు మా క్లాసంతా జఫర్‌గఢ్ కోట చూడటానికి వెళ్లాలనుకున్నాం. నా పక్కన కూర్చునే మంజులను మాత్రం వాళ్ల నాయిన పంపనన్నాడు. "గుట్ట మీద ఆడపిల్లను ఎవరు చూస్తరు?" అన్నాడట. తండా నుంచి వచ్చే మంజుల లేకుండా నాకు ఏ సరదా తోచేది కాదు.

మా తెలుగు మేడం గొంతును అచ్చం దించేస్తానని క్లాసులో నాకు పేరు. బయలుదేరే ముందురోజు సాయంత్రం మా అమ్మ ఫోన్ తీసుకుని మంజుల వాళ్ల నాయినకు చేశాను. "అన్నా, నేను తెలుగు మేడంను. మీ బిడ్డ జిమ్మేదారి నాది" అన్నాను. ఆయన సరేనన్నాడు.

మర్నాడు ఆయనే మంజులను బస్సు దగ్గరికి తీసుకొచ్చి, నేరుగా మేడం ముందు నిలబడ్డాడు. "నిన్న మీరు ఫోన్ చేసి చెప్పిండ్రు గదా మేడం, గందుకే తోలుకొచ్చిన. బిడ్డ పైలం."

మంజుల తల వంచుకుంది. క్లాసంతా నన్నే చూస్తోంది. మేడం కూడా నా వైపు ఒక్క క్షణం చూసి, "అవునన్నా, నేనే చేసిన. పరేషాన్ గాకు" అన్నారు.

బస్సులో నా పక్కన కూర్చుని, "నా గొంతు గంత బొంగురుగ ఉంటదా?" అని మాత్రం అడిగారు. తప్పయిందని ఏడ్చేశాను.

ఆ రోజు మేడం మోకాళ్ల నొప్పితోనే, మంజుల చెయ్యి వదలకుండా గుట్టంతా ఎక్కారు. మా క్లాసువాళ్లం ఇప్పుడు ఎక్కడ కలిసినా ఆ ఫోన్ సంగతి చెప్పుకుని నవ్వుకుంటాం. నేను తేలిగ్గా ఇచ్చేసిన మాట కోసం ఆమె పడ్డ కష్టం తలచుకుంటే నాకు మాత్రం నవ్వుతూనే కళ్లు చెమరుస్తాయి.

– స్వరూప, మహబూబాబాద్