తలుపు తీయని మ్యూజియానికి పేజీ

మాది పటం కథ చెప్పే ఇల్లు. ఊరు జనగామ పక్కనే. మనిషి కంటే పొడవైన గుడ్డ మీద ఒక కులం పుట్టుపూర్వోత్తరాలన్నీ బొమ్మలుగా గీసి ఉంటాయి. ఆ గుడ్డను కర్రలకు కట్టి, ఒక్కో బొమ్మా విప్పుతూ మా బాపు, అంటే నాన్న, కథ చెప్తాడు. ఆ కులం వాళ్లే మమ్మల్ని పిలిచి, కథ విని, వడ్లు పెట్టి పంపుతారు. పటం చినిగి రంగులు పోతే కొత్తది గీయిస్తాం. పాతదాన్ని మాత్రం ఏ మూలనో పడేయం. మనిషి పోతే ఎట్లా సాగనంపుతామో అట్లాగే పసుపు కుంకుమలు పెట్టి, ఏడ్చి, నీళ్లలో కలుపుతాం.

ఒకే ఒక్క పటానికి మాత్రం బాపు ఆ పని చేయలేదు. యూనివర్సిటీ వాళ్లు కారేసుకొని మా ఇంటికి వచ్చారు. చిత్రకళా మ్యూజియం పెడుతున్నాం, మీ పాత పటం ఇవ్వండి, మా దగ్గరుంటే వచ్చేపోయే నలుగురూ చూస్తారు అన్నారు. ఆ "నలుగురూ చూస్తారు" అన్న మాటకే బాపు కరిగిపోయాడు. శాలువా కప్పారు, సంతకం పెట్టించుకున్నారు, పటాన్ని కారెక్కించుకొని పోయారు.

నేను మహబూబాబాద్‌లో టీచర్ని. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి తీరిక దొరికినప్పుడల్లా వ్యాసాలు రాస్తుంటాను. అందులో ఆ యూనివర్సిటీ పేజీ తెరిస్తే మ్యూజియం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అదీ క్యాంటీన్ తర్వాత! నాకు ఒళ్లు మండింది. ఎండాకాలం సెలవుల్లో కూర్చొని మ్యూజియానికి సొంత పేజీ రాశాను. బాపుకు చదివి వినిపిస్తే, "మన పటం ముచ్చట గూడ ఉన్నదా బిడ్డా?" అన్నాడు. ఉందన్నాను. ఇక ఆయన ఆగలేదు. నర్సింహులపేట దిక్కు ఒక ఊళ్లో కథ చెప్తూ చెప్తూ మధ్యలో ఆపి మరీ ఆ సంగతి జనానికి చెప్పాడట.

ఆ సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. పేజీ నెత్తిన తొలగింపు నోటీసు పెట్టారు. "దీనికి సొంత పేజీ అక్కర్లేదు, యూనివర్సిటీ పేజీలో కలిపితే చాలు" అని ప్రతిపాదన. పెట్టింది ఎవరో దూరపువాడు కాదు, భూపాలపల్లిలో ఇంజినీరు. ఈ వ్యాసాలు రాసేవాళ్ల వర్క్‌షాపులో నా పక్కన కూర్చొని అన్నం తిన్నవాడే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేజీ ఉంచాల్సిందేనని నోటీసు కింది చర్చలో రాసి, అతనికి ఫోన్ చేసి దులిపేశాను.

"అక్కా, జర ఇనుండ్రి," అన్నాడు. "యూనివర్సిటీ తన గురించి తాను రాసుకున్నది లెక్కకు రాదు. బయటోళ్లు ఎవరన్న ఆ మ్యూజియం గురించి వివరంగ రాసిన్రా? గదొక్కటే నేనడిగేది."

"పేపర్ల రాలేదా తమ్మీ?"

"వచ్చింది. ఒక్కసారి చదువుండ్రి. అంతెందుకు, నేను పోయినప్పుడు తాళమే ఉండె. మీరే పోయి చూసి రాండ్రి."

ఆ పేపరు ముక్క వెతికి చదివాను. రిబ్బన్ ఎవరు కత్తిరించారు, దీపం ఎవరు వెలిగించారు, వేదిక మీద ఎవరెవరున్నారు, అంతా ఉంది. బొమ్మల గురించి ఒక్క ముక్క లేదు. ఫొటోలో ఒక అంచున, ప్రారంభానికి పోయిన మా బాపు సగం మొహం. థూ, ఇదా రాత!

అయినా నేను తగ్గలేదు. ఫొటోలు తీసుకొచ్చి, చూడవచ్చినవాళ్లతో మాట్లాడి, ఏదో ఒక ఆధారం పట్టుకొద్దామని బాపును వెంటబెట్టుకొని జనగామలో రైలెక్కాను. ఆయన ఉతికిన ధోతి కట్టుకొని, కొత్త కండువా వేసుకున్నాడు.

మ్యూజియానికి తాళం. తాళం చెవి ఉన్న మనిషి భోజనానికి పోయాడు. ఆయన తిరిగొచ్చి తలుపు తీస్తే, లోపల పరీక్ష పేపర్ల కట్టలు! గోడలకు మేకులున్నాయి, పటాల్లేవు. మా పటాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా మీద పడేశారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే కదా!

ఇన్‌ఛార్జి ప్రొఫెసర్ వచ్చారు. "ఒక్కసారి ఇప్పి చూపిస్తరా సారూ?" అని బాపు చేతులు కట్టుకొని అడిగాడు. పర్మిషన్ కావాలన్నారు. "అయితే మాది మాకియ్యిండ్రి. నీళ్లల్ల కలుపుకుంటం," అన్నాడు బాపు.

"అట్లా ఎట్లా కుదురుతుందండీ? అది మ్యూజియం ఆస్తి. చాలా విలువైన వస్తువు," అన్నారాయన.

విలువైనదట! గోడకు వేలాడదీయడానికి విలువ లేదు, దుమ్ము దులపడానికి విలువ లేదు, మా బాపు అడిగేసరికి మాత్రం ఎక్కడలేని విలువ పుట్టుకొచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. సిగ్గులేదా అన్నది మాత్రం గుర్తుంది. అన్నందుకు ఇప్పటికీ నాకేం బాధ లేదు.

తిరుగు రైల్లో బాపు కొత్త కండువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. స్టేషన్ దగ్గరపడుతుంటే, "సచ్చినోళ్లను సాగనంపక బీరువ మీద పెట్టుకున్నరు బిడ్డా," అన్నాడు.

ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోన్ తీసి ఆ చర్చ తెరిచాను. ఉంచాలని అంతకుముందు రాసిందంతా కొట్టేశాను. "ఈ పేజీ రాసింది నేనే. తొలగించండి. ఇది మ్యూజియం కాదు, తాళం వేసిన గది" అని రాశాను.

వెంటనే భూపాలపల్లి నుంచి ఫోన్. "అక్కా, నేను కలుపుదమంటే మీరు తీసేయమంటున్నరేంది?"

"తలుపు తీయనిదానికి క్యాంటీన్ ఎనుక ఒక్క మాట గూడ దండుగ తమ్మీ," అని పెట్టేశాను.

మంచం మీద కూర్చున్న బాపు అంతా విన్నాడు. "ఏమైంది బిడ్డా? గది మ్యూజియం కాదని రాసినవా?"

"రాసిన బాపూ."

"అందరు చదువుతరా?"

"చదువుతరు."

"మరింకేంది?" ఆయన లేచి నిలబడ్డాడు. "మ్యూజియమే కాకపాయె. ఇగ పటం ఏ మొఖం పెట్టుకొని ఆపుతరు? ఇయ్యాలె కద!"

ఆ చర్చలో రాసినంత మాత్రాన యూనివర్సిటీ వాళ్లు పటం ఇవ్వరని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే, పసుపు కుంకుమలు తీసి పెట్టమని వంటింట్లో ఉన్న అమ్మకు కేకేశాడు.