రాజుగారి వెనకాల నవ్వినావిడ

హిస్టరీలో ఎమ్మే చేసి అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న రోజుల్లో కృష్ణానగర్‌లో మా పిన్ని దగ్గర ఉండేదాన్ని. పిన్ని సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లో అక్షింతలు వేసే గుంపులోనైనా, ఆస్పత్రి సీన్లో రోగుల్లోనైనా ఆవిణ్ణి వెనక వరసలోనే పెట్టేవారు. ఒక్క సినిమాలో, ఒక్కసారి, తన మొహం తెర మీద తెలిస్తే చాలని ఆవిడ ఆశ. అంతకుమించి ఏమీ అడగలేదు, పిచ్చి తల్లి.

ఆ ఏడు ఆ ఆశ తీరినట్టే అనుకున్నాం. హీరోయిన్‌కి గాజులు తొడిగే సీన్లో కెమెరా దగ్గరికి తెచ్చి మరీ తీశారట. విడుదల రోజు మధురానగర్ హాస్టల్లో ఉండే నా స్నేహితురాళ్లని కూడా వెంటేసుకుని వెళ్లాం. తెర మీద గాజులున్నాయి, పిన్ని చేతులున్నాయి, మొహం లేదు. కోసేశారు. ఇంటికొచ్చి పిన్ని అన్నం ముట్టలేదు. నాకైతే ఆ ఎడిటర్ని పట్టుకుని కడిగి పారేయాలనిపించింది.

ఆదివారం పిన్నిని బలవంతంగా లాక్కెళ్లి పంజాగుట్టలో బస్సెక్కించాను, నాంపల్లి వైపు మ్యూజియానికి. నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

"రాళ్లు చూస్తే ఏడుపు తగ్గుద్దా ఏంటే?" అని దారంతా సణుగుతూనే వచ్చింది.

కృష్ణా తీరం నుంచి తెచ్చిన ఒక పాత శిల్పం ముందు మాత్రం ఆగిపోయింది. రాజుగారి సభ. ముందుకు పొడుచుకొచ్చేలా చెక్కారు కనుక రాజుకి తల విరిగిపోయింది, మంత్రికి ముక్కు లేదు. వెనకాల రాతిలోకి అణిగి ఉన్న ఆడవాళ్లు చెక్కుచెదరలేదు. వాళ్లలో ఒకావిడ సభని పట్టించుకోకుండా, మెడ వాల్చి, పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది.

"ఈవిడ మా బ్యాచే!" అంది పిన్ని. "ఈవిడ గురించి ఏం రాశారే?"

బోర్డు మీద రాజు గురించే ఉంది. అందుకని నేనే చెప్పాను. ఆ కాలం ఆడవాళ్లు మోచేతుల దాకా గాజులు వేసుకునేవారని, నడుముకి పూసల వడ్డాణాలు కట్టేవారని, సభలోనైనా కబుర్లు ఆపేవారు కాదని. శాసనాల నిండా రాజుల గొప్పలే. మామూలు మనుషులు ఎలా నవ్వేవారో తెలియాలంటే ఇలాంటి రాయే దిక్కు. పరీక్షల్లో కూడా నేనంత బాగా రాయలేదు. వింటూ వింటూ పిన్ని కూడా అలాగే మెడ వాల్చి నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకి ఒక జానపద సినిమాలో రాజసభ సీన్ పడింది. చూద్దామని నేనూ వెళ్లాను. పిన్నిది మామూలే, వెనక వరస. రిహార్సల్లో మెడ వాల్చి, పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్వింది. జూనియర్ ఆర్టిస్టుల్ని తెచ్చే ఏజెంట్ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, రాజు ముంగట గట్ల నవ్వుతరా? జర సీరియస్‌గ నిలబడు."

"నవ్వుతారు బాబూ. మ్యూజియంలో చూసొచ్చాం," అంది పిన్ని.

ఆ మాట డైరెక్టర్ చెవిన పడింది. ఏమనుకున్నాడో, "ఉండనీ" అన్నాడు. తర్వాత ఎడిటింగ్‌లో హీరో మొహాన్ని కోయలేరు కనుక, అతని భుజం వెనకాల మా పిన్ని కూడా మిగిలిపోయింది.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. ఆ సీన్లో హీరో కత్తి దూసి చాలాసేపు డైలాగ్ చెబుతాడు. ఏం చెబుతాడో నాకింతవరకూ తెలియదు.