పెద్దమ్మ ఇంట రెండడుగుల బంటు

మిట్టేమరి పెద్దమ్మ పోయిందని చింతామణి నుంచి ఆమె తమ్ముడు రాసిన కార్డు మొన్న మంగళవారం బాగేపల్లి బడికి వచ్చింది. చదివి జేబులో పెట్టుకుని పాఠం చెప్పడం సాగించాను. గంట కొట్టాక పిల్లలు వెళ్లిపోయారు, నేను కార్డు తీసి మళ్లీ చదివాను. ఆమె నాకు చుట్టం కాదు. ఎనిమిదేండ్లు ఆమె ఇంటి ముందుగదిలో అద్దెకున్న మేష్టరును, అంతే.

యాభై ఏడో, యాభై ఎనిమిదో సంవత్సరం. మిట్టేమరి బడిలో కొత్తగా చేరాను. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచాను. పిల్లల్లేరు, భర్త పోయి ఏడాది. నడింట్లో చదరంగం పలక మీద సగంలో ఆగిన ఆట అలాగే ఉండేది. మొగుడూ పెళ్లాలు ఆడుకున్న ఆట అది. ఆగిన ఆటను చెరపడం ఆ ఇంట్లో లేదు. ఎత్తు ఎవరిదైతే వాళ్లే వచ్చి వేయాలి. ఎత్తు ఆయనది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆమె తన చాప మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ చాప ముందర కూడా ఒక లోటా మజ్జిగ పెట్టేది. కాసేపయ్యాక దాన్ని తీసుకెళ్లి దూడకు పోసేది. ఆమె ముఖంలో మాత్రం దిగులు కనపడేది కాదు.

నేను చేరిన మూడో వారం తమ్ముడు బండి కట్టుకుని వచ్చాడు. ఒంటరిగా ఇంకెన్నాళ్లు, చింతామణికి వచ్చేయమన్నాడు. ఆమె సరేనంది. సామాన్లు బండికెక్కుతున్నాయి. నేను బడి నుంచి భోజనానికి వచ్చేసరికి నడింట్లో ఎవరూ లేరు. బెంగళూరులో ట్రైనింగు చదివేటప్పుడు ఆట నేర్చినవాణ్ణి, నాకు అంతా వచ్చుననే పొగరు కూడా ఉండేది. ఖాళీ చాప వైపు ఒక బంటు ఇంకా మొదటి గడిలోనే నిలబడి ఉంది. ఊరికే ఉండలేని చెయ్యి దాన్ని రెండు గడులు ముందుకు జరిపింది.

పలకను మూట కట్టడానికి లోపలికొచ్చిన పెద్దమ్మ దాన్ని చూసి అలాగే కూలబడింది. మన పక్క పాత ఆటలో బంటుకు ఎప్పుడూ ఒకటే అడుగు. ఆమె భర్త చిక్కబళ్లాపురంలో కొత్త పద్ధతి చూసి వచ్చి, మొదటిసారి రెండు గడులు వేయొచ్చని వాదించాడట. ఈమె కుదరదంది. రేపు వేసే తీరతానని ఆయన పంతం పట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. ఇదంతా ఆమె తమ్ముడికి చెబుతుంటే గడపలో నిలబడి విన్నాను.

“ఆయప్ప వచ్చి ఎత్తు వేసి పోయినాడురా. నేను యాడికీ రాను,” అంది.

సామాన్లు మళ్లీ లోపలికి వచ్చాయి. ఆ ఎత్తు వేసింది నేనని చెప్పలేదు. చెబితే ఆమెకు మొగుడు రెండోసారి పోయినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. నా చేతి దురద వల్ల ఒక మనిషి ఆ ఇంట్లో ఒంటరిగా చిక్కుకుపోయిందన్న బాధ ఎనిమిదేండ్లూ నన్ను పీక్కు తింది.

ఆ తరువాత వేరే పలక మీద ఆదివారాలు నాతో ఆడేది. నాకు నిజంగా ఆట నేర్పింది ఆమే. బంటు నేరుగా నడుస్తాడు, ఐమూలగా కొడతాడు, పక్కనోడు కాపు కాస్తే ఏనుగుకైనా అడ్డం నిలుస్తాడు అని చెప్పేది. నేను గుర్రం కోసం బంటును బలిచ్చి విసిరేస్తే ఊరుకునేది కాదు. “అట్ల పడేయొద్దప్పా, వానికీ ఒక ఇల్లుంటాది,” అని తీసి, తన వైపు గుడ్డ మీద పడుకోబెట్టేది. గుర్రం, ఏనుగు, రాజు అందరూ వెనక్కి రాగలరు, బంటు ఒక్కడే రాలేడు అని ఆమె అన్నప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి.

నడింట్లో పాత ఆట కూడా సాగింది. ఏడాదికి రెండు మూడు ఎత్తులు. ఎదుటివైపు బంట్లే కదిలేవి, అదీ ఒక్కొక్క అడుగే. రెండు వైపులా ఆమే ఆడుకుంటోందనుకుని చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

పోయిన ఏడాది బాగేపల్లి బడికి వర్గావణె అయింది, బదిలీ అన్నమాట. బయల్దేరే పొద్దున ఇక దాచలేక కాళ్ల దగ్గర కూర్చుని ఆ రెండడుగుల సంగతి చెప్పేశాను. ఆమె నవ్వింది.

“ఆ పొద్దే తెలుసు నాకు. బంటు తల మీద సుద్దపొడి ఉండె. ఆయప్ప చేతికి సుద్ద యాడ నుంచి వస్తాది?”

మరి ఎందుకు ఉండిపోయావమ్మా అన్నాను.

“పోను నాకు మనసు లేకపోయె మేష్ట్రే. తమ్ముణ్ణి వద్దనేకి సాకు దొరకలేదు. నువ్విస్తివి.”

గుండె మీది బండ దిగినట్టయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అంది.

“ఆ మీదట కూడా విడవకుండా ఎత్తులు వేస్తివే, చేతులు కడుక్కొని. ఈ ముసల్దాని కోసం ఎంత ఓపికప్పా నీకు.”

ఆ పలకను నేను రెండోసారి ముట్టుకోలేదు. ఆ మాట చెప్పేలోపే బస్సు వచ్చేసింది.

కార్డు అందిన ఆదివారం ఆమె తమ్ముడితో కలిసి మిట్టేమరికి వెళ్లాను. జబ్బుపడిన ఆమెను చింతామణికి తీసుకెళ్లి నాలుగు నెలలైందట. పట్టుబట్టి తన ఎత్తు వేశాకే బండెక్కిందట. అప్పటి నుంచి తాళంచెవి తన జేబులోనే ఉందని అతనన్నాడు. తలుపు తీసి కిటికీ రెక్క తోశాడు. పలక మీద, పావుల తలల మీద, రెండు చాపల మీద దుమ్ము మందంగా పరుచుకుని ఉంది. ఎదుటివైపు బంటు ఒకటి ఆమె రాజుకు పక్క గడిలో నిలబడి ఉంది. దాని వెనక గడిలో బంటు అడుగుభాగమంత గుండ్రటి చోట మాత్రం దుమ్ము లేదు.