గనిలోకి దిగనన్న వీరులు

"నలుగురు, కుముదక్కా, నలుగురు! ఒక్కరన్నా లోపలికి దిగుతామన్నారేమో చూడు. ఆర్నెల్లు కూర్చోని కథ కట్టినాను. పాడుబడిన బంగారు గని, అడుగున నిద్రపోయే డ్రాగన్, దాని పక్కన రాజుగారి ఖడ్గం. వీళ్ళేమో గని వాకిట్లోనే కూర్చుంటారంట!"

రోనాల్డ్ చేతిలోని కాగితాలను బల్లమీద విసిరాడు. కుముద వాటిని ఏరి, అంచులు సరిచేసి, ముందు పెట్టుకుంది.

మాలూరులో ఇద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. అతను స్టోర్సులో, ఆమె ఆఫీసులో. భోజనాల వేళ అతను ఎప్పుడూ ఏదో గీసుకుంటూ ఉంటే అదేమిటని అడిగింది. ఆదివారాల ఆట సంగతి అలా తెలిసింది. కోటలు, కత్తులు, మంత్రగాళ్ళ కాలం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్రయి మాట్లాడతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ముందుగా ఎవరి పాత్ర పుట్టుపూర్వోత్తరాలు వాళ్ళు రాసుకొచ్చి రోనాల్డ్‌కి ఇవ్వాలి. వచ్చే ఆదివారం కొత్త కథలో తనూ చేరదామని కుముద ఈరోజు తానుండే తమక నుంచి బస్సెక్కి రోనాల్డ్ ఇంటికి వచ్చింది. వస్తే ఈ గొడవ.

రోనాల్డ్ పుట్టింది బంగారు గనుల ఊరు ఛాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల లైనింట్లో. తండ్రి డ్రిల్లర్. గనులు మూతపడిన ఏడాది అతనికి పందొమ్మిదేళ్ళు. ఆ తరువాత చాలామందిలాగే పొద్దున రైలెక్కి సాయంత్రం దిగే బతుకు. ఆ రైల్లోనే ఎవరో వదిలిపోయిన ఈ ఆట ఇంగ్లీషు పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్ళు చదివాడు. నేర్పినవాళ్ళు లేరు. మొదట్లో పాచికలు తప్పుగా వేయించానని అతనే నవ్వుతూ చెబుతాడు. పదకొండేళ్ళుగా ఈ బల్ల దగ్గర ఆదివారం తప్పలేదు.

కుముద చదవడం మొదలుపెట్టింది. ఆడేవాళ్ళలో చిన్మయ్ రాసుకున్న పాత్ర ఒక విలుకాడు, అతని తండ్రి గనిలో రాయి పేలి చనిపోయాడు. గనిలోకి దిగనని ఆ విలుకాడు తల్లికి ఒట్టేశాడు. శ్రీరక్ష పాత్ర మంత్రగత్తె, లోపలి గాలి పరీక్ష చేసి ఎవరైనా సంతకం పెడితేగానీ అడుగు వెయ్యదు. అమోసు పాత్ర పేరుమోసిన దొంగ, కానీ గని జోలికి పోడు.

"బయటికి వచ్చేటప్పుడు బట్టలిప్పి వెతుకుతారంట," అన్నాడు రోనాల్డ్. "ఎవురు వెతుకుతారయ్యా, డ్రాగనా?"

నాలుగో కాగితం అతని తల్లి ఫిలోమినాది. డెబ్బై దాటిన ఆమె పొట్టి గడ్డపాయనగా ఆడుతుంది. కొండలు తొలిచే డ్వార్ఫు జాతి. రాసింది మూడే ముక్కలు: నలభై ఏళ్ళు తవ్వినాడు. దగ్గు. ఇంగ చాలు.

"అమ్మా, డ్వార్ఫులు గనికి ప్రాణమిచ్చే జాతి. పుస్తకంలో ఉండాది!"

"ఆ పుస్తకం రాసినాయప్ప ఏ షాఫ్టులో పని చేసినాడంట?" టీ గ్లాసులు తెస్తూ అడిగింది ఫిలోమినా.

"ఇది ఆట, అమ్మా."

"ఆటయినా దిగడు."

రోనాల్డ్ నెత్తి పట్టుకున్నాడు. "సరే. వచ్చే ఆదివారం ఈ కథ మొదలు కాకపోతే ఇంగ బల్ల మడిచేస్తాను. నాకు చేతనయ్యింది ఇదొక్కటే. అది గూడా పోనీ."

అతని గొంతులో బెదిరింపు లేదు, అలుపుంది. పోయినేడు రెండు కథలు సగంలో ఆగిపోయాయని కుముదకు తెలుసు. ఇది కూడా ఆగితే నిజంగానే మానేస్తాడు.

ఆమెది గౌనిపల్లి. టమాటా తోటలు తప్ప గని లోపలి సంగతి తెలియదు. తెలియనిది అడగడానికి ఆమె ఎప్పుడూ మొహమాటపడలేదు.

"ఫిలోమినమ్మా, మీ గడ్డపాయన ఎప్పటికీ దిగడా? దేనికీ?"

ముసలామె గ్లాసు కింద పెట్టింది.

"దేనికి దిగడు తల్లీ? లోపల మనిషి చిక్కుకుంటే దిగుతాడు. సైరన్ మోగితే రమ్మని ఒకరు పిలవాల్నా? షిఫ్టు ముగించుకొని ఇంటికొచ్చినోళ్ళు గూడా అన్నం ముందర నుంచి లేసి పోతారు. మా ఆయన జొరంతోనే గనికి పోయినాడు, నేను అడ్డం నిలబడితే పక్కకి జరిపి మరీ."

"ఒట్టు పెట్టుకున్నోడు?" అడిగింది కుముద.

"వాడే ముందు దిగుతాడు."

రోనాల్డ్ తన నోటుపుస్తకం ముందుకు లాక్కున్నాడు. పెన్సిలు తీసి తన కథలో ఖడ్గమన్న చోటల్లా కొట్టేస్తూ పోయాడు. మూడో పేజీలో ఆగి తల్లివైపు ఉరిమి చూశాడు.

"ఈ మాట ఆర్నెల్ల ముందే చెప్పకూడదా?"

"అడిగితివా? ఎప్పుడు చూసినా ఖడ్గం, ఖడ్గం."

"సరే, చిక్కుకునేది ఎవురు? మీ నలుగురూ వాకిట్లో ఉండారే."

తల్లీకొడుకులిద్దరూ కుముద వైపు తిరిగారు.

"నేనా? వచ్చిన మొదటిరోజే నన్ను గనిలో పూడుస్తారా?"

"పూడ్చేది కాదక్కా, తీసేది," అంటూ రోనాల్డ్ ఆమె చేతిలో ఒక తెల్లకాగితం పెట్టాడు. చిరాకు ఇంకా పూర్తిగా దిగలేదు. "బస్సుకి టైమయింది, పో. రాణి వద్దు, రాకుమారి వద్దు, పగ గిగ అసలే వద్దు, వాటితో సచ్చినాను. ఏ పనిమీద లోపలికి పోయినావు, ఎన్ని దినాలాయె, తినను చేతిలో ఏముండాది, అది రాసుకొని రా. ఇంటికాడ నీకోసం కాచుకొనుండే మనిషి పేరు మాత్రం మరవద్దక్కా. దిగేముందు మేము ఆ మనిషికి ఒక మాట చెప్పి దిగాల."