పేరు లేని బండ

ఎర్మిందా కుస్పోకా ఇరవై రెండేళ్లుగా విశ్వవిద్యాలయం పిల్లలకు మా కొండ చూపిస్తోంది. సెప్టెంబరు వస్తే రాజధాని బొగొతా నుంచి బస్సులు మొదలవుతాయి. భూగోళం చదివేవాళ్లు, పర్యాటకం చదివేవాళ్లు బస్సుకు ముప్పైమంది నోటు పుస్తకాలతో దిగుతారు. ఆమె రువానా అనే మా ఉన్ని కంబళి భుజాన వేసుకుని ముందు నడుస్తుంది, దిగివచ్చాక బంగాళాదుంపల పులుసు పోస్తుంది. ఆ బస్సులు తిరిగే రెండు నెలలే ఆమెకు ఏడాది తిండి.

మా వైపు ఒక మర్యాద ఉంది. అడిగినవాణ్ణి తెలీదని పంపడం, ఆకలితో పంపడమంత సిగ్గుచేటు. దారి తెలియకపోయినా ఏదో ఒక దారి చూపిస్తాం. వెళ్లినవాళ్లు సాయంత్రానికి తిరిగొచ్చి తిట్టిపోసిన సందర్భాలూ ఉన్నాయి.

పదేళ్ల కిందట యమీలే అనే విద్యార్థిని మడుగు పక్కన నల్లబండ చూపించి పేరడిగింది. దానికి పేరెవడు పెట్టాడు గనక! ఎర్మిందాకు మోకాలు సలుపుతోంది. "విధవరాలి పీట" అనేసి దానిమీద చతికిలబడింది. మరుసటేడు ఇంకొకరు అడిగేసరికి ఆ మాట మరిచిపోయి "పాదిరి టోపీ" అంది. యమీలే ఆ రెండు పేర్లనూ పట్టుకుని, బండమీద పొరలుగా పేరుకున్న జనస్మృతి గురించి నాలుగు వందల పేజీలు రాసి డాక్టరైంది.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. లైసెన్సు లేనివాళ్లు విద్యార్థులను కొండెక్కించకూడదట. పరీక్ష నోటితోనే. సర్కారు కాగితం ముందు ఒక్క అబద్ధమూ ఆడకూడదని ఎర్మిందా దారిపొడుగునా దండం పెట్టుకుంటూ వెళ్లింది. తీరా చూస్తే బల్ల వెనక డాక్టర్ యమీలే కూర్చుని ఉంది.

"నల్లబండకున్న పేర్లు చెప్పండమ్మా," అంది యమీలే నవ్వుతూ. కావాలనే తేలిక ప్రశ్న వేసింది.

"దానికి పేరేం లేదు తల్లీ. నువ్వడిగావని నేనే కల్పించా. మోకాలు నొప్పి, కూర్చోవాలి కదా."

యమీలే నవ్వు ఆరిపోయింది. "బాగా గుర్తు తెచ్చుకోండి. నా పుస్తకంలో రెండు పేర్లున్నాయి."

"పుస్తకంలోకి నా నోట్లోంచేగా వెళ్లాయి!"

యమీలే తలెత్తకుండా కాగితం మీద రాసింది: అభ్యర్థికి స్థానిక చరిత్ర తెలియదు.

ఎర్మిందాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో నిజం చెప్పింది ఆ ఒక్కరోజే, ఆ రోజే కూడు పోయింది.

సెప్టెంబరులో బస్సు వచ్చింది. ముందు నడిచింది ఫాబియాన్. మా ఊరివాడే, పాల లారీ నడిపేవాడు, యమీలే పుస్తకం బట్టీ పట్టి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఎర్మిందా ఇంటి ముందుకు రాగానే ఒక పిల్ల అడిగింది: "ఈ వాగు పేరేంటి సార్?"

వాగు పుస్తకంలో లేదు. ఫాబియాన్ కంచె దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, కాస్త చెప్పవూ?"

చక్కని పేరొకటి ఎర్మిందా నాలుక చివరదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెలీదు నాయనా. నాకు లైసెన్సు లేదుగా."

అరవై నాలుగేళ్ల జీవితంలో తెలీదు అనడం అదే మొదటిసారి. అన్నాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అడిగినవాణ్ణి గుమ్మంలోంచి వట్టిచేతులతో పంపేసింది మరి.

ఫాబియాన్ మాత్రం ఎంతైనా మా కొండమీద పుట్టినవాడు. గొంతు సవరించుకుని పిల్లలవైపు తిరిగాడు.

"దీన్ని పెద్దమ్మ మౌనం అంటారు," అన్నాడు.

ముప్పైమందీ వంగి రాసుకున్నారు.